చిత్రానికి చలనం

మన కళాశాల వెబ్‌సైటులోని చిత్రాలకు చలనం కల్పించి, చూచేవారి దృష్టిని ఆకట్టుకొనేటట్లు తీర్చవలసిందిగా ఈ విద్యాసంవత్సరం కళాశాల కమిటీవారు మమ్మల్ని కోరారు. ఉర్దూ విభాగం నుంచి ముగ్గురం, తెలుగు విభాగం నుంచి నలుగురం కలిసి ఆ పనికి పూనుకొన్నాము. పని ఒక దారికి వచ్చినది గనుక, దాని వివరాలను పత్రికా పాఠకుల ముందుంచడం మా విధి అని భావిస్తున్నాము. అయితే ఏ పనిముట్టు ఎక్కడ దొరుకుతుంది, ఏ మీట నొక్కితే ఏమవుతుంది అనే సంగతులను ఎవరినడిగినా చెప్పగలరు. మమ్మల్ని చాలా దినాలు ముందుకు సాగనీయని ప్రశ్న వేరొకటి ఉన్నది. ఒక చిత్రంలో ఏది కదలవలెను? ఏది కదలరాదు? దీనికి సమాధానం మాకు యంత్రాల పుస్తకాలలో దొరకలేదు. తోలుబొమ్మలాటలో దొరికినది.

నిశ్చలమైన బొమ్మను కదిలించే విద్య తెలుగువారికి కొత్త కాదు. 13వ శతాబ్ది నాటి పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటల ప్రస్తావన ఉన్నది. ఈనాటికీ శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట గ్రామంలో ఈ కళ జీవించి ఉన్నది. ఆ గ్రామానికి చెందిన శ్రీ దళవాయి చలపతిరావుగారికి 2020లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారం ప్రకటించినది. ఆ గ్రామం మన తిరువూరుకు బహుదూరం. కాని విజయవాడలో ఒక హస్తకళల ప్రదర్శనకు పోయినప్పుడు, రాయలసీమ నుంచి వచ్చిన ఒక వృద్ధ కళాకారుని అంగడి ముందు మేము ఒక గంటకు పైగా నిలబడిపోయాము. తోలుతో చేసిన దీపపు తెరలు, గోడ బొమ్మలు అమ్ముకొంటున్నారాయన. వెనుక ఒక మూల, అమ్మకానికి కాని ఆటబొమ్మ ఒకటి, హనుమంతునిది, చుట్టిపెట్టి ఉన్నది. మేము అడుగగా దానిని విప్పి చూపారు.

మేక తోలును శుభ్రపరచి, వెంట్రుకలు తీసి, వెలుతురు సోకేటంత పలుచగా చేసి ఆ బొమ్మను కత్తిరిస్తారు. నగలు, అంచులు కనబడవలసినచోట చిన్న ఉలులతో రంధ్రాలు తొలుస్తారు. రంగులు రెండు వైపులా వేస్తారు. అందుచేతనే ఆంధ్రదేశపు బొమ్మ తెరపై నల్లని నీడగా కాక, రంగుల నీడగా పడుతుంది. బొమ్మ నిలువునా ఒక బద్ద ఉంటుంది. నడుము, భుజాలు, మోచేతులు, మోకాళ్ళ వద్ద ముక్కలను విడివిడిగా చేసి త్రాడుముడులతో కీళ్ళు కడతారు. ఇన్ని కీళ్ళున్న బొమ్మను చేతికిస్తే మాలో ఒకడు ఉత్సాహం పట్టలేక అన్నింటిని ఒకేసారి ఆడించాడు. వృద్ధుడు నవ్వి బొమ్మను తీసుకొని, "మాట్లాడే బొమ్మకే చెయ్యి ఆడాల నాయనా. వినే బొమ్మ ఊరకుండాల. రెండూ ఆడితే ఎవురు మాట్లాడేది జనానికి తెలీదు" అన్నారు. తరువాత ఒక చేతిని మాత్రమే కదిపి, శరీరాన్నంతా కదలకుండా నిలిపారు. దీపం లేదు, తెర లేదు, వాద్యం లేదు. అయినా హనుమంతుడు ఎవరితోనో మాట్లాడుతున్నట్లే ఉన్నది.

కీళ్ళు ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆట గొప్పది అనుకోనవసరం లేదు. మన పొరుగున ఒడిశాలో రావణఛాయ అనే నీడబొమ్మలాట ఉన్నది. అందులోని బొమ్మలకు కీళ్ళే ఉండవు, రంగులూ ఉండవు. ఒకే ముక్కగా కత్తిరించిన ఆ బొమ్మను తెరకు దగ్గరగా, దూరంగా జరపడంలోనే అంతా ఉన్నది. ఇక ఐరోపాలో లొటె రైనిగర్ అనే జర్మన్ వనిత నల్లని అట్టలను, సన్నని సీసపు రేకులను కత్తిరించి, తీగలతో కీళ్ళు కట్టి, ఒక్కొక్క కదలికను ఒక్కొక్క ఛాయాచిత్రంగా తీసి 1926లో ప్రిన్స్ అహ్మద్ సాహసాలను గురించిన చలనచిత్రాన్ని పూర్తిచేసినది. నేడు మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో అదే అతి ప్రాచీనమైనది. దాని కథ అరేబియన్ రాత్రుల కథలలోనిది, మన ఉర్దూ విభాగం మిత్రులు అలిఫ్ లైలా అని పిలుచుకొనే సంపుటిలోనిది. నీడబొమ్మను, అలిఫ్ లైలాను ఒకే తెరపైకి తెచ్చిన ఆ చిత్రాన్ని మేము ఏడుగురం కలిసి చూచాము. సంభాషణలు లేని చిత్రం కావడం వల్ల ఎవరికి అర్థం చెప్పవలసిన అవసరమూ రాలేదు.

ఈ చూపుతో వెబ్‌సైటు వైపు తిరిగి చూస్తే మాకు భయం వేసినది. చాలా సంస్థల వెబ్‌సైట్లలో అన్ని బొమ్మలూ మాట్లాడుతూనే ఉంటాయి. ప్రకటన పంక్తి ఒకటి పరుగెత్తుతూ ఉంటుంది. "కొత్తది" అనే ఎర్రని గుర్తు మిణుకుమిణుకుమంటుంది. పైన ఛాయాచిత్రాలు ఒకదానినొకటి నెట్టుకొని పోతూ ఉంటాయి. ప్రవేశ దరఖాస్తు చివరి తేదీ మాత్రం ఎక్కడో మూలన నిశ్చలంగా పడి ఉంటుంది. గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల నుంచి కూతురి చదువు కొరకు ఫోనులో మన పుట తెరచే తండ్రికి కావలసినది ఆ తేదీయే. ఆయన ఒక పదాన్ని కూడబలుక్కొని చదివేలోగా పంక్తి దాటిపోతే, ఆ చలనం ఎవరి కొరకు?

సాంకేతిక విషయాలను కొంత చెప్పక తప్పదు. కదిలే బొమ్మలకు మొదటి నుంచి పేరుపొందిన జిఫ్ అనే రూపాన్ని 1987లో కంప్యూసర్వ్ సంస్థ ప్రవేశపెట్టినది. 1989లో దానిని సవరించి, ఒక బొమ్మకు మరొక బొమ్మకు మధ్య ఎంత వ్యవధి ఉండవలెనో సెకనులో నూరవవంతుల లెక్కన నిర్ణయించే సదుపాయం చేర్చారు. అందులో ఒక బొమ్మకు 256 రంగులకు మించి వీలుపడవు. చిన్న గుర్తులకు అది చాలును. కాని మన మామిడితోట ఛాయాచిత్రాన్ని అందులో పెడితే ఆకుల పచ్చదనం మచ్చలు మచ్చలుగా విరిగిపోతుంది. పైగా సెకనుకు 12 బొమ్మల చొప్పున మూడు సెకనుల చలనానికి 36 బొమ్మలు మోయవలసి వస్తుంది. అదే దృశ్యాన్ని వీడియోగా మార్చితే బరువు చాలా తగ్గుతుంది. ఎందుకనగా వీడియో ప్రతి బొమ్మనూ పూర్తిగా నిలువ చేయక, ముందు దానికి తరువాతి దానికి గల తేడాను మాత్రమే చాలావరకు నిలువ చేస్తుంది. ఒకప్పుడు ఎల్లెడలా రాజ్యమేలిన ఫ్లాష్‌కు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో స్వస్తి చెప్పినది. దానిపై ఆధారపడిన ఎన్నో పుటలు ఆ తరువాత తెరచుకోలేదు. పనిముట్టు వెనుక పోయేవారు దీనిని గుర్తుంచుకోవలెను.

అన్నింటిలో తేలికైన పద్ధతి వేరుగా ఉన్నది. బొమ్మ ఒక్కటే ఉంటుంది. దానిని జరపడం, పెంచడం, మసకపరచడం అనే పనులను సి.ఎస్.ఎస్. అనే అలంకరణ భాషలో నాలుగైదు పంక్తులు వ్రాసి, చూచేవారి యంత్రంచేతనే చేయిస్తాము. రావణఛాయ బొమ్మవలె ఇందులోనూ కీళ్ళుండవు. అమెరికన్ దర్శకుడు కెన్ బర్న్స్ 1990లో వెలువరించిన అంతర్యుద్ధ డాక్యుమెంటరీలో పాత ఛాయాచిత్రాలపై కెమెరాను నెమ్మదిగా జరిపి ఇట్టి ఫలితాన్నే సాధించాడు. మా గ్రంథాలయ చిత్రాన్ని ఆరు శాతం మాత్రమే, నాలుగు సెకనులలో, పెంచి చూచాము. చూచినవారిలో చాలామందికి అది కదిలినట్లే తెలియలేదు. కాని గదిలోకి అడుగుపెట్టినట్లున్నదని చెప్పారు. బొమ్మను ముందు చెట్టు, నడుమ భవనం, వెనుక ఆకాశం అని పొరలుగా విడదీసి వేరు వేరు వేగాలతో జరిపితే లోతు కనబడుతుంది. విడదీయడానికి జింప్, గీతల పనికి ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు మాకు సరిపోయాయి. పైకం పెట్టి కొనవలసినది ఏదీ లేకపోయినదని కమిటీవారికి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాము.

మిణుకుమనే గుర్తును మేము పూర్తిగా తొలగించాము. ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూను ప్రసారమవుతుండగా ఎరుపు, నీలం కాంతులు అతి వేగంగా మారుతూ మెరసిన దృశ్యం వచ్చినది. దానిని చూచి 685 మంది ఆస్పత్రుల పాలయ్యారు. వారిలో అధికులు బాలబాలికలు. కాంతి మెరుపులకు మూర్ఛ వచ్చే లక్షణం కొందరిలో ఉంటుంది. అది వారికే ముందుగా తెలియకపోవచ్చును. వెబ్ పుటల అంతర్జాతీయ మార్గదర్శక సూత్రాలు అందుకే సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవరాదని నిర్దేశిస్తున్నవి. తనంతట తాను మొదలై ఇతర విషయాల ప్రక్కన ఐదు సెకనులకు మించి కదిలే దేనికైనా ఆపే మీట ఉండవలెనని కూడా చెబుతున్నవి. చలనం చూస్తే తల తిరిగేవారు తమ ఫోనులోనే చలనాన్ని తగ్గించమని ఏర్పాటు చేసికొనవచ్చును. ఆ ఏర్పాటును మన పుట గౌరవించి, వారికి నిశ్చల చిత్రాన్నే చూపే విధంగా వ్రాశాము.

ఇంతవరకు మా మధ్య అభిప్రాయభేదం లేదు. భేదం వచ్చినది ఒకే ఒక చిత్రం విషయంలో.

మాకు ఉర్దూ బోధించి, ఇటీవల దివంగతులైన ఉపన్యాసకులను కళాశాలలో అందరమూ, తెలుగు విభాగంవారితో సహా, ఉస్తాదు గారు అనియే పిలిచేవారము. వారి స్మారక పుటలో ఉంచడానికి ఒకే ఒక మంచి ఛాయాచిత్రం ఉన్నది. పాతబడిన ఒక ఫొటోలో మనిషి కనురెప్పలు వాల్చి, తల త్రిప్పి, చిరునవ్వు నవ్వేటట్లు చేసే సాధనాలు ఇప్పుడు వచ్చినవి. 2021 ఫిబ్రవరిలో మైహెరిటేజ్ అనే సంస్థ డీప్ నోస్టాల్జియా పేరుతో ఇట్టి దానిని వెలువరించినప్పుడు భగత్ సింగ్, వివేకానందుల చిత్రాలు కూడా కన్నులు కదిపి మన దేశంలో ఫోను నుంచి ఫోనుకు పాకాయి. ఉస్తాదు గారి చిత్రాన్నీ అదేవిధంగా కదిలించి పుటలో ఉంచుదామని మాలో ముగ్గురు ప్రతిపాదించారు. కమిటీ పెద్దలలో కొందరికీ ఆ ఆలోచన నచ్చినది. వద్దన్నవారు ఇద్దరు. మిగిలిన ఇద్దరు ఎటూ తేల్చుకోలేకపోయారు. ప్రాణుల చిత్రాల విషయంలో మన ముస్లిం కుటుంబాలన్నింటి మనస్సు ఒకే విధంగా ఉండదు గనుక, కుటుంబాన్ని అడుగకుండా ఏదీ పుటకెక్కించరాదని మాత్రం అందరమూ ఏకగ్రీవంగా తీర్మానించుకొన్నాము.

ఒక సాయంత్రం నమూనాను ఫోనులో ఉంచుకొని వారి ఇంటికి పోయాము. ఉస్తాదు గారి సతీమణి మాకు చాయ్ ఇచ్చి, కళ్ళజోడు తెచ్చుకొని, ఆ కొన్ని సెకనుల చిత్రాన్ని రెండుసార్లు చూచారు. కోపపడలేదు, కంటతడి పెట్టలేదు. "ఆయన నవ్వితే ముందు కళ్ళు మూసుకుపోయేవి బేటా. పెదవులు తరవాత. ఈయన ముందు పెదవులతో నవ్వుతున్నాడు. ఎవరీయన?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు సరియైన సమాధానం సాంకేతికంగా కూడా ఉన్నది. అట్టి సాధనంలో చిరునవ్వు ఛాయాచిత్రం నుంచి పుట్టదు. ముందుగా వేరొకరి ముఖకదలికలను వీడియోగా తీసి ఉంచుకొని, వాటిని ఈ ముఖానికి తొడుగుతారు. అనగా ఉస్తాదు గారి ముఖంపై నవ్వినది ఏ దేశస్థుడో మనకు తెలియదు. తోలుబొమ్మను ఆడించే చేయి కూడా మరొకరిదే గదా అని మాలో ఒకడు వాదించాడు. వాదనలో బలం లేకపోలేదు. కాని తెర ముందు కూర్చున్న పల్లెవానికి అది తోలు అని తెలుసు, వెనుక మనిషి ఉన్నాడని తెలుసు. ఆ ఎరుకతోనే అతడు ఆనందిస్తాడు. మన పుటను చూచే కొత్త విద్యార్థి మాత్రం ఉస్తాదు గారు నవ్వేది ఇట్లాగే కాబోలునని నమ్ముతాడు. పది సంవత్సరాల తరువాత, నిజమైన నవ్వును ఎరిగినవారు కళాశాలలో ఎవరూ ఉండరు. ప్రతిపాదించిన ముగ్గురిలో ఇద్దరు ఆ రాత్రే మనస్సు మార్చుకొన్నారు. మూడవ మిత్రుడు ఇప్పటికీ ముఖం కదలవలసినదే అంటాడు. అతని మాటను కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాము.

మేము లేవబోతుండగా ఆమెయే, "మీకు కార్డులు వ్రాసి ఇచ్చేవారు గదా, ఒక్కటైనా దాచుకోలేదా?" అన్నారు. ప్రతి సంవత్సరం స్వాగతోత్సవానికి ఉస్తాదు గారు స్వహస్తాలతో ఒక అట్టపై కుడివైపు ఉర్దూలో ఖుష్ ఆమదీద్ అని, ఎడమవైపు తెలుగులో స్వాగతం అని వ్రాసేవారు. తెలుగు అక్షరాలను పెద్దయిన తరువాత పట్టుదలతో నేర్చుకొన్నారు. వారి 'గ' కొంచెం ముందుకు వంగి ఉండేది. వెదుకగా అట్టి అట్ట ఒకటి నోటుపుస్తకాల నడుమ దొరికినది.

కదలవలసినది ఆ ముఖం కాదు, ఆ చేతివ్రాత. ఇది తేలిన తరువాత పని తేలికకాలేదు, కష్టమైనది. కాని దేనికొరకు కష్టపడుతున్నామో తెలిసినది.

పద్ధతిని వివరిస్తాము. ఎస్.వి.జి. అనే రూపంలో అక్షరం చుక్కల రాశిగా కాక, గీత నడిచే దారిగా నిలువ ఉంటుంది. ఆ గీతను తునకలుగా చూపే సదుపాయం ఒకటి, తునకలు ఎక్కడ మొదలుకావలెనో జరిపే సదుపాయం మరొకటి కలవు. గీత మొత్తం ఎంత పొడవో అంత పొడవైన ఒకే తునకను, అంతే పొడవైన ఖాళీని ఏర్పరచవలెను. మొదట ఖాళీయే కనబడేటట్లు జరిపి, దానిని క్రమంగా వెనుకకు తెచ్చినచో, కలం నడుస్తున్నట్లే గీత పుట్టుకువస్తుంది. తెలుగుకు ఇది సులువుగానే అమరినది. ఉస్తాదు గారు తెలుగును బాల్‌పెన్నుతో వ్రాసేవారు గనుక గీత అంతటా ఒకే మందం. ఉర్దూ నస్తాలీఖ్ లిపికి అమరలేదు. దానిని వ్రాసే కలం మొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది. అందుచేత అక్షరం ఒకచోట వెడల్పై, మరొకచోట వెంట్రుకవలె సన్నగిల్లి, కుడినుంచి ఎడమకు క్రిందికి జారుతుంది. ఈ లిపిని యంత్రానికి అలవరచడం ఎంత కష్టమో పెద్దలకు తెలుసు. 1981లో నూరీ నస్తాలీఖ్ కొరకు మీర్జా అహ్మద్ జమీల్ వేల సంఖ్యలో అక్షరసంయోగాలను చేతితో వ్రాయవలసి వచ్చినది. 1927లో ప్రారంభమైన చెన్నై ముసల్మాన్ పత్రిక కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడా కాతిబుల చేతివ్రాతతోనే దశాబ్దాలు నడిచినది.

మేము కనుగొన్న ఉపాయం ఇది. ఉస్తాదు గారి అక్షరాన్ని దాని మందంతో సహా యథాతథంగా ఉంచి, పైన ఒక ముసుగు వేశాము. కలం నడిచిన దారిలోనే వెడల్పైన గీత ఒకటి ఆ ముసుగును తొలగించుకొంటూ పోతుంది. ఆ గీత కనబడదు. దాని వెనుక అక్షరం మాత్రం తన మందంతో, తన సన్నదనంతో వెలికి వస్తుంది. వారు కలం ఎత్తినచోట గీత ఆగుతుంది. వంపు తిరిగేచోట కొంత నెమ్మదిస్తుంది. ఈ వేగాలను నిర్ణయించడానికి వారి తరగతిలో కూర్చున్న సీనియర్ విద్యార్థులను పిలిపించి, నల్లబల్లపై వారి చేయి ఎట్లా నడిచేదో అభినయించి చూపమన్నాము. తెలుగు 'గ'కు మొదట క్రిందిభాగం, తరువాత తలకట్టు. యంత్రం మొదటిసారి తలకట్టును ముందు వ్రాస్తే, చూచినవారందరూ నవ్వారు.

ఉర్దూలో అంతకంటె సున్నితమైన విషయం చుక్కలది. ఖుష్ ఆమదీద్‌లో ఆరు చుక్కలు: ఖేకు ఒకటి, షీన్‌కు మూడు, యేకు క్రింద రెండు. సాధారణంగా ఒక పదం పూర్తి కాగానే దాని చుక్కలు పెడతారు. ఉస్తాదు గారు మాత్రం రెండు పదాలూ ముగించి, కలాన్ని ఒక్క క్షణం గాలిలో నిలిపి, వెనుకకు పోయి, ఆరింటిని వరుసగా పెట్టేవారు. ఆ ఒక్క క్షణాన్ని సెకనులో మూడవవంతుగా లెక్కకట్టాము. అందులో ఏమీ కదలదు.

కుడి నుంచి ఉర్దూ, ఎడమ నుంచి తెలుగు ఏకకాలంలో మొదలై పుట నడుమకు వస్తాయి. మొత్తం నాలుగున్నర సెకనులు. ఇంత చిన్నదైనా దాని బరువు మన ప్రధాన ద్వారపు ఛాయాచిత్రంలో పదవవంతు కూడా లేదు. ఛాయాచిత్రంలోని ఉస్తాదు గారు ప్రక్కనే ఉన్నారు, ఎప్పటివలెనే కళ్ళజోడుతో, కదలకుండా. వ్రాత మరల మరల తనంతట తానే జరిగితే బాగుండునని కమిటీలోని ఒక పెద్దవారు సూచించారు. ఒక్కసారి చాలునని సవినయంగా విన్నవించాము, వారు అంగీకరించారు. కావలసినవారు అక్షరంపై వ్రేలు మోపితే మొదటినుంచి వ్రాయబడుతుంది: ముందుకు వంగిన 'గ', 'త', చివర తెలుగు సున్న, అటు ప్రక్క కలం ఒక్క క్షణం ఆగి, ఆరు చుక్కలు.